వినేవాళ్ళ కోసం బతికినవాళ్ళు: నాన్నతో పోలండ్‌లో ఆరు రోజులు

బెర్లిన్‌లో మేముండే బిల్డింగ్ గుమ్మం ముందు, ఫుట్‌పాత్ రాళ్ళ మధ్యలో, రెండు ఇత్తడి బిళ్ళలు ఉన్నాయి. పది సెంటీమీటర్ల పొడవు, పది వెడల్పు. వానలకీ చలికీ నల్లబడిపోయి చూస్తే మామూలు రాళ్ళలాగే ఉంటాయి. నాలుగేళ్ళుగా రోజూ వాటి మీద నుంచే ఆఫీసుకి పరుగెత్తుతున్నాను. అవేమిటో తెలుసు, ఒకసారి చదివాను కూడా, అంతే.

నాన్న ఆగస్టులో వచ్చారు. వచ్చిన రెండో రోజు పొద్దున్నే వాకింగ్‌కని కిందికి దిగి, అక్కడే ఆగిపోయి, వంగి కళ్ళజోడు సర్దుకుంటూ "అమ్మడూ, ఎవరివో పేర్లున్నాయే ఇక్కడ" అన్నారు. చదివి చెప్పాను. ఇక్కడ నివసించారు. పేరు. 1942లో థెరీసియన్‌స్టాట్‌కి, అంటే యూదుల్ని బంధించి ఉంచిన ఒక నాజీ క్యాంపుకి, తరలించారు. ట్రెబ్లింకాలో హత్య చేశారు. పక్క బిళ్ళ మీద అదే ఇంటిపేరు, అదే సంవత్సరం, అదే చోటు. భార్యాభర్తలు. గుంటర్ డెమ్నిగ్ అనే జర్మన్ కళాకారుడు 1990లలో ఈ బిళ్ళలు వేయడం మొదలుపెట్టాడనీ, ఇప్పుడు యూరప్ అంతటా ఇలాంటివి లక్షకు పైగా ఉన్నాయనీ చెప్పాను. నాన్న ధ్యాస ఆ లక్ష మీద లేదు. "ట్రెబ్లింకా ఎక్కడుంది?" అని అడిగారు.

మా నాన్న తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై నాలుగేళ్ళు సోషల్ చెప్పి రిటైర్ అయ్యారు. ఆ రాత్రి అన్నం తింటూ అన్నారు: "రెండో ప్రపంచ యుద్ధం పాఠంలో యూదుల గురించి నాలుగు వాక్యాలుండేవి తల్లీ. అరవై లక్షల మందిని నాజీలు చంపారని అంకె చెప్పి, బిట్ పేపర్లో వస్తుంది, కింద గీత గీసుకోండి అనేవాణ్ణి. ట్రెబ్లింకా అన్న మాట ఒక్కసారి కూడా నా నోట రాలేదు." ఆయన గొంతులో ఉన్నది సిగ్గో బాధో నాకు తెలియలేదు కానీ ఆ మాటతోనే ఈ ప్రయాణం ఖాయమైపోయింది. సెప్టెంబరు చివర్లో వారం సెలవు పెట్టాను. ఒకటే అనుకున్నాం, ఏ ఊరు వెళ్తే అక్కడ బతికి బయటపడ్డ మనిషి రాసింది అక్కడే నిలబడి చదవాలి. గైడ్ చెప్పేది తర్వాత వినొచ్చు.

మొదటి రోజు: బెర్లిన్ నుంచి వార్సా

రైల్లో దాదాపు ఆరు గంటలు. అమ్మ నాన్న సూట్‌కేస్‌లో కిలో చింతపండు కుక్కి పంపింది, దాంతో పులిహోర కలిపి డబ్బాల్లో సర్దుకున్నాం. ఫ్రాంక్‌ఫర్ట్ అన్ డెర్ ఓడర్ దాటాక నది, నది దాటితే పోలండ్. పాస్‌పోర్ట్ అడిగినవాళ్ళు కూడా లేరు.

నాన్న చేతికి యాంకెల్ వియెర్నిక్ పుస్తకం ఇచ్చాను. వార్సా వడ్రంగి ఆయన. పోలండ్‌లోని నాజీ చావు క్యాంపు ట్రెబ్లింకాలో ఏడాది పాటు బందీగా ఉండి 1943 ఆగస్టులో తప్పించుకున్నాడు, 1944లోనే, వార్సా ఇంకా జర్మన్ల చేతిలో ఉండగానే, దాక్కుని రాశాడు. దాన్ని రహస్యంగా అచ్చు వేశారు, రహస్యంగానే లండన్ దాకా చేర్చారు. చిన్న పుస్తకం, ఒక్క కూర్చోడంలో అయిపోతుంది. నాన్న పొజ్నాన్ వచ్చేసరికి పూర్తి చేసి, మూసి ఒళ్ళో పెట్టుకుని, వార్సా దాకా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నారు. పులిహోర డబ్బా తెరవలేదు. నేనూ తినమనలేదు.

రెండో రోజు: వార్సా

పొద్దున్నే త్వొమాట్‌స్కీ వీధిలోని యూదు చరిత్ర సంస్థకి వెళ్ళాం. యుద్ధానికి ముందు ఇది లైబ్రరీ, పక్కనే వార్సా మహా సినగాగ్, యూదుల ప్రార్థనాలయం, ఉండేది. యూదుల్ని బంధించి ఉంచిన పేట, ఘెట్టోలో వచ్చిన తిరుగుబాటును అణిచేశాక, గెలుపుకి గుర్తుగా 1943 మే 16న జర్మన్లు ఆ సినగాగ్‌ని పేల్చేశారు, ఆ మంటలు ఈ బిల్డింగ్‌కీ అంటుకున్నాయి. లోపల అడుగు పెట్టగానే హాలు నేల మీద ఆ కాలిన మచ్చలు ఇప్పటికీ కనిపిస్తాయి. బాగు చేయకుండా అలాగే ఉంచారు. నాన్న వాటి మీద కాలు పడకుండా పక్కనుంచి నడిచారు.

ఇక్కడ చూడాల్సిన వస్తువు ఒక పాలక్యాను. మన ఊళ్ళలో పాలకేంద్రం దగ్గర సైకిళ్ళకి కట్టుకొచ్చే క్యాను లాంటిదే, మూత, రెండు పిడులు, కాకపోతే తుప్పు పట్టి, ఒళ్ళంతా పొరలు లేచిపోయి, మట్టి రంగులోకి తిరిగిపోయింది. దాని కథ చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1940 నవంబరులో వార్సా ఘెట్టోని గోడ కట్టి మూసేశారు. మూడున్నర చదరపు కిలోమీటర్లు కూడా లేని జాగాలో నాలుగు లక్షల పైచిలుకు మనుషులు. ఆకలి, టైఫస్, వీధుల్లో శవాలు. ఆ గోడ లోపల ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్ అనే చరిత్రకారుడు కొంతమందిని కూడగట్టాడు. శనివారాలు కలుసుకునేవాళ్ళు కాబట్టి తమ గుంపుకి ఓనెగ్ షబ్బాత్ అని పేరు పెట్టుకున్నారు, సబ్బాతు ఆనందం అని అర్థం. వాళ్ళ పని ఒక్కటే, జరుగుతున్నదంతా రాసిపెట్టడం. డైరీలు, ఉత్తరాలు, రేషన్ కార్డులు, ట్రామ్ టికెట్లు, పోస్టర్లు, చివరికి మిఠాయి చుట్టిన కాగితాలు కూడా దాచారు. రేపు మన గురించి మనల్ని చంపినవాళ్ళు మాత్రమే రాస్తే ఎలా అన్నది వాళ్ళ భయం.

1942 జులై 22న తరలింపులు మొదలయ్యాయి. సెప్టెంబరు దాకా సుమారు 2,65,000 మందిని ట్రెబ్లింకాకి పంపేశారు. అది జరుగుతుండగానే, ఆగస్టు 3న, నొవొలిప్కీ వీధిలోని ఒక స్కూల్ నేలమాళిగలో పది రేకు పెట్టెల్లో ఆ కాగితాలు పాతిపెట్టారు. పాతడానికి సాయం చేసిన కుర్రాళ్ళలో ఒకడు దావిద్ గ్రాబర్, 19 ఏళ్ళు. ఇంకొకడు నాహుమ్ గ్షివాచ్, 18. పెట్టెలు మూసేముందు ఇద్దరూ తలా కొంత రాసి అందులో పెట్టారు. లోకానికి అరిచి చెప్పలేకపోయినదాన్ని భూమిలో పాతిపెడుతున్నామని గ్రాబర్ రాశాడు. నాహుమ్ రాస్తుండగా అమ్మానాన్న ఉండే బిల్డింగ్‌ని చుట్టుముట్టారని కబురొచ్చింది. వాళ్ళ దగ్గరికి పరుగెడుతున్నాననీ, తనకేం జరుగుతుందో తెలియదనీ, తన పేరు నాహుమ్ గ్షివాచ్ అని గుర్తుంచుకోమనీ రాశాడు.

నేను ఇది గట్టిగా చదివి నాన్నకి తెలుగులో చెబుతున్నాను. పేరు దగ్గరికి వచ్చేసరికి ఆయన "మళ్ళీ చెప్పు, ఎలా పలకాలి?" అన్నారు. నాహుమ్ గ్షివాచ్. ఆయన రెండు మూడుసార్లు అనుకున్నారు, స్కూల్లో కొత్త పిల్లాడి పేరు నేర్చుకుంటున్నట్టు.

ఆ గుంపులో యాభై అరవై మంది ఉంటే యుద్ధం తర్వాత మిగిలింది ముగ్గురు. రాహెల్ ఔవెర్‌బాహ్, హెర్ష్ వాసెర్, ఆయన భార్య బ్లూమా. రింగెల్‌బ్లూమ్‌ని 1944 మార్చిలో చంపేశారు. వార్సా మొత్తం ఇటుకల గుట్ట, ఏ వీధి ఎక్కడుండేదో గుర్తుపట్టలేని స్థితి. వాసెర్ చెప్పిన ఆనవాళ్ళతో 1946 సెప్టెంబరులో తవ్వితే రేకు పెట్టెలు దొరికాయి, నీళ్ళు చొరబడి కాగితాలు నాని ముద్దయిపోయి ఉన్నాయి. 1950 డిసెంబరులో, తర్వాత పాతిన రెండో భాగం ఉన్న రెండు పాలక్యాన్లు దొరికాయి. వాటిలో ఒకటి ఇప్పుడు వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియంలో ఉంది, రెండోది ఇదిగో మా ఎదురుగా. వేరేగా పాతిన మూడో భాగం ఇంతవరకూ దొరకలేదు. దొరికినవే 35,000 పేజీలు.

ఇదే సంస్థలో ఇంకో గుట్ట ఉంది, దాని గురించి తక్కువ మంది మాట్లాడతారు. 1944 ఆగస్టులో, యుద్ధం ఇంకా ముగియకముందే, ల్యుబ్లిన్‌లో బతికి బయటపడ్డ యూదులు ఒక కమిషన్ పెట్టుకుని ఊరూరా మనుషుల్ని కూర్చోబెట్టి వాళ్ళ అనుభవాలు రాయించుకున్నారు. 7,000కు పైగా వాంగ్మూలాలు. తిండికీ ఇంటికీ దిక్కులేని రోజుల్లో, కన్నవాళ్ళనీ బిడ్డల్నీ పోగొట్టుకున్నవాళ్ళు ముందు చేసిన పనుల్లో ఒకటి, ఎవరికో ఒకరికి చెప్పుకోవడం. వాళ్ళు చాలా ఏళ్ళు నోరు విప్పలేదని చదివి నేనూ అదే అనుకునేదాన్ని. కాదు. వాళ్ళు వెంటనే చెప్పారు. వినేవాళ్ళు చాలా ఆలస్యంగా వచ్చారు.

మధ్యాహ్నం ఘెట్టో గోడ జాడ వెంట నడిచాం. గోడ ఉన్నచోటల్లా ఫుట్‌పాత్‌లో ఇనప పట్టీ వేశారు, దాని మీద గోడ పేరు, 1940-1943 అని. దాని మీద నుంచి స్ట్రోలర్లు వెళ్తుంటాయి, డెలివరీ కుర్రాళ్ళ సైకిళ్ళు వెళ్తుంటాయి. స్తావ్‌కీ వీధి చివర ఉమ్‌ష్లాగ్‌ప్లాట్స్ ఉంది, మనుషుల్ని రైలెక్కించిన చోటు. తెల్ల పాలరాతి గోడల మధ్య, పైకప్పు లేని రైలు పెట్టెలా కట్టారు స్మారకాన్ని. లోపలి గోడ మీద 400కు పైగా పేర్లు, ఇంటిపేర్లు లేకుండా, అబా నుంచి జాన్నా దాకా అక్షర క్రమంలో.

వ్లాదిస్లావ్ ష్పిల్‌మన్ కుటుంబం 1942 ఆగస్టులో ఇక్కడికే వచ్చింది. ఆయన వార్సా రేడియోలో పియానో వాయించేవాడు. అమ్మ, నాన్న, తమ్ముడు, ఇద్దరు చెల్లెళ్ళు, తను, మొత్తం ఆరుగురు. గుంపులో ఒక పిల్లాడు మిఠాయిలు అమ్ముతున్నాడు. వాళ్ళ నాన్న జేబుల్లో మిగిలిన డబ్బంతా పోగేసి ఒక్క టాఫీ కొని, చిన్న చాకుతో దాన్ని ఆరు ముక్కలు చేసి అందరికీ పంచాడు. కలిసి తిన్న ఆఖరి తిండి అది. రైలు దగ్గరికి నడుస్తుంటే ఒక పోలీసు గుర్తుపట్టి ష్పిల్‌మన్‌ని కాలర్ పట్టి వరసలోంచి వెనక్కి ఈడ్చేశాడు. మిగతా ఐదుగురూ వెళ్ళిపోయారు.

ఇది చదివాక నేనూ నాన్నా ఆ గోడ పక్కన చాలాసేపు నిలబడ్డాం. రోడ్డుకి అటువైపు స్టాప్‌లో జనం ట్రామ్ కోసం చూస్తున్నారు.

మూడో రోజు: ట్రెబ్లింకా

వార్సా నుంచి మావ్‌కినియాకి గంటన్నర లోపు రైలు. అక్కడి నుంచి బస్సు లేదు. ముందే మాట్లాడుకున్న టాక్సీ రాలేదు, గంట పైగా స్టేషన్ బయట చలిలో నిలబడ్డాం, నాన్న మఫ్లర్ చెవులకి చుట్టుకుని అటూ ఇటూ పచార్లు చేస్తున్నారు. నాకు టెన్షన్. ఆయనకి మాత్రం తొందరేం లేదు. "ఇదే జంక్షన్ కదూ" అన్నారు. అవును, ఇదే. అరవై పెట్టెల రైళ్ళు ఈ వైపు వచ్చి, బూగ్ నది దాటి, ట్రెబ్లింకా స్టేషన్‌లో ఆగేవి, ఒక్కసారికి ఇరవై పెట్టెల్ని మాత్రమే క్యాంపు లోపలికి తోసేవాళ్ళు. మిగతా పెట్టెల్లో మనుషులు తమ వంతు కోసం నీళ్ళు లేకుండా ఎదురుచూసేవాళ్ళు. వియెర్నిక్ పుస్తకంలో ఈ ప్రయాణం ఉంది. నాన్న దాన్ని మొన్ననే చదివారు కదా.

చివరికి ఒక పెద్దాయన కారు దొరికింది. పైన్ అడవి మధ్యనుంచి రోడ్డు. దిగాక కొంత దూరం నడవాలి. రైలు పట్టాలు లేవు, వాటి చోట కాంక్రీటు దిమ్మెలు అడ్డంగా పేర్చి పట్టాల గుర్తుగా ఉంచారు. ఆ దిమ్మెల వెంట నడుస్తుంటే చెట్లు తొలగిపోయి పెద్ద మైదానం వస్తుంది. మైదానం నిండా రాళ్ళు. 17,000 రాళ్ళు. చిన్నవీ పెద్దవీ, మొనదేలినవీ మొద్దుబారినవీ, ఒకదానికొకటి పోలిక లేకుండా, నేలలోంచి మొలిచినట్టు. కొన్నింటి మీద ఊళ్ళ పేర్లు. మనుషుల పేర్లు లేవు.

ఒక్క రాయి తప్ప. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇక్కడ 1942 జులై నుంచి 1943 దాకా దాదాపు 9 లక్షల మందిని చంపారు. ఇది పని చేయించే క్యాంపు కాదు, దిగిన మనిషి సాధారణంగా రెండు గంటల్లో చనిపోయేవాడు. చూద్దామంటే ఇప్పుడు ఇక్కడ గోడ లేదు, కంచె లేదు, గది లేదు. 1943లో పని అయిపోయాక జర్మన్లు అన్నీ కూల్చేసి, నేల దున్ని, విత్తనాలు చల్లి, ఒక రైతు ఇల్లు కట్టి, అందులో ఒక కుటుంబాన్ని కూర్చోబెట్టి వెళ్ళిపోయారు. ఇక్కడ పొలం తప్ప ఇంకేమీ ఎప్పుడూ లేదన్నట్టు.

అందుకే ఇక్కడ వియెర్నిక్ లాంటివాళ్ళ మాటే ఆధారం. 1943 ఆగస్టు 2న ఖైదీలు తిరగబడ్డారు. షెడ్లకి నిప్పు పెట్టి కొన్ని వందల మంది అడవిలోకి పారిపోయారు, వాళ్ళలో చాలామందిని వేటాడి చంపేశారు. యుద్ధం ముగిసేనాటికి బతికున్నది ఓ డెబ్బై మంది. 9 లక్షలకి డెబ్బై. వియెర్నిక్ వడ్రంగి కాబట్టి వాళ్ళకి అవసరమయ్యాడు. క్యాంపులో ఒక భాగంలోంచి ఇంకో భాగంలోకి పని మీద తిప్పేవాళ్ళు, అలా మొత్తం ఎలా ఉందో చూసిన కొద్దిమందిలో ఒకడయ్యాడు. ఏ షెడ్డు ఎక్కడ, ఏ గుంట ఎక్కడ, అన్నీ ఆయన చేతుల్లో ఉండిపోయాయి. తర్వాత ఇజ్రాయెల్‌లో క్యాంపు నమూనాని తనే స్వయంగా చేశాడు, 1961లో నాజీ అధికారి ఐఖ్‌మన్ విచారణలో సాక్ష్యం చెప్పాడు.

పుస్తకం మొదట్లో ఆయన చదివేవాళ్ళతోనే మాట్లాడతాడు. బతుకు మీద ఆశ లేదు, అయినా మీకు చెప్పడం కోసమే ప్రాణం నిలుపుకుని ఉన్నానంటాడు. ఆ పేజీలు రాళ్ళ మధ్య నిలబడి చదవడం మొదలుపెట్టాను. గాలికి కాగితాలు ఎగురుతున్నాయి. గొంతు పూడుకుపోయి ఆగిపోతే నాన్న పుస్తకం తీసుకుని, ఇంగ్లిష్‌ని ఆయన పాఠం చెప్పే పద్ధతిలోనే, ఒక్కో మాటా విడదీసి, గట్టిగా చదివారు. దూరంగా స్కూలు పిల్లల గుంపు ఒకటి ఉంది, వాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఇటు తిరిగి చూశారు. నాన్న ఆపలేదు. నాలుగు పేజీలు చదివారు.

1945 నవంబరులో రాహెల్ ఔవెర్‌బాహ్, నిన్న చెప్పానే, పాలక్యాన్ల గుంపులో మిగిలిన ముగ్గురిలో ఒకరు, విచారణ బృందంతో ఇక్కడికి వచ్చింది. అప్పటికి ఆ పొలమంతా గోతులు. బంగారం దొరుకుతుందేమోనని జనం వచ్చి తవ్విపోశారు, ఎముకలు పైకి తేలి ఉన్నాయి. ఆవిడ అవన్నీ రాసింది. ఘెట్టోలో సూప్ వంటశాల నడిపిన మనిషి ఆవిడ. అక్కడ తన చేతి సూప్ తాగినవాళ్ళలో ఎందరో ఈ మట్టిలోనే ఉన్నారని తెలిసి, ఇక్కడ నడిచింది. యుద్ధం తర్వాత బతికున్నన్నాళ్ళూ మిగతావాళ్ళ చేత చెప్పించి రాయించడమే పనిగా పెట్టుకుంది.

మనిషి పేరున్న ఆ ఒక్క రాయి యానుష్ కొర్చాక్‌ది. పిల్లల డాక్టరు, రచయిత, వార్సాలో అనాథాశ్రమం నడిపినవాడు. తప్పించుకునే దారులు ఉన్నా వద్దని, 1942 ఆగస్టులో దాదాపు 200 మంది పిల్లలతో పాటు ఇక్కడికి వచ్చాడు. రాయి మీద ఆయన పేరు, పక్కన "పిల్లలు" అని పోలిష్‌లో. ఆయన డైరీ ఒకటి మిగిలింది. చివర్లో ఒక పొద్దున తను కిటికీ దగ్గర మొక్కలకి నీళ్ళు పోస్తుంటే బయట తుపాకీ పట్టుకుని నిలబడ్డ సిపాయి చూస్తున్నాడనీ, ఇతను మామూలు రోజుల్లో పల్లెటూరి పంతులేమో అనీ రాసుకున్నాడు.

పంతులు అన్న మాట నేను చదివాను, నాన్న విన్నారు. ఆయన వంగి బూట్లు విప్పబోయారు. "నాన్నా, నేల తడిగా ఉంది, మీకు పడదు" అన్నాను. "ఉండమ్మా" అని విప్పి పక్కన పెట్టి, సాక్సులతో ఆ గడ్డి మీద నిలబడి దణ్ణం పెట్టుకున్నారు. రాయి మీద ఎవరెవరో పెట్టిపోయిన గులకరాళ్ళున్నాయి. పూలకి బదులు అలా పెట్టడం యూదుల ఆచారమని చెబితే, నేల మీద వెతికి ఒకటి తెచ్చి పెట్టారు. బెర్లిన్‌లో మా గుమ్మం ముందున్న ఇద్దరి కోసం ఇంకో రెండు. థెరీసియన్‌స్టాట్ నుంచి ముసలివాళ్ళని రైళ్ళలో ఇక్కడికి తెచ్చింది 1942 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. అంటే ఇదే వాతావరణం, ఇదే చలి, ఈ పైన్ చెట్లకి ఇదే వాసన.

రాత్రి హోటల్లో నాన్న సాక్సులు హీటర్ మీద ఆరేశాను.

నాలుగో రోజు: వార్సా, అక్కడి నుంచి క్రాకోవ్

పొద్దున అలేయా నియెపొద్లెగ్వోష్చి 223. పెద్ద రోడ్డు మీద మామూలు అపార్ట్‌మెంట్ బిల్డింగ్, గోడకి ఒక ఫలకం. ష్పిల్‌మన్ ఘెట్టో నుంచి బయటపడి, పోలిష్ స్నేహితుల ఇళ్ళలో దాక్కుని, చివరికి ఊరంతా ఖాళీ అయ్యాక ఇక్కడ అటకెక్కాడు. 1944 నవంబరులో వంటగదిలో తిండి వెతుక్కుంటుంటే విల్మ్ హోసెన్‌ఫెల్ట్ అనే జర్మన్ అధికారి కంటపడ్డాడు. ఏం పని చేస్తావని అడిగాడాయన. పియానో వాయిస్తానంటే వాయించమన్నాడు. తర్వాత రొట్టె తెచ్చి ఇచ్చాడు, తన కోటు ఇచ్చాడు.

ష్పిల్‌మన్ తన కథని యుద్ధం అవగానే రాసేశాడు, 1946లో అచ్చయింది. జర్మన్లలో మంచివాడుండటం అప్పటి పోలిష్ ప్రభుత్వానికి ఒప్పలేదు కాబట్టి హోసెన్‌ఫెల్ట్‌ని ఆస్ట్రియన్‌గా మార్చాల్సి వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ అచ్చు పడటానికి యాభై ఏళ్ళు. ఇంట్లో ఆయన నోరెత్తేవాడు కాదు. పన్నెండేళ్ళ కొడుకు అలమరలో ఒక మూల ఉన్న పుస్తకం దొంగతనంగా తీసి చదువుకుని, తన తాతా నాయనమ్మలు ఎందుకు లేరో తెలుసుకున్నాడు. 1998లో జర్మన్‌లో వచ్చాకే లోకం చదివింది. ఈలోగా హోసెన్‌ఫెల్ట్ 1952లో సోవియట్ ఖైదులోనే చనిపోయాడు.

నాన్న ఆ బిల్డింగ్ పైకప్పు వైపు మెడ నొప్పెట్టేలా చూసి, "అన్ని నెలలు ఒక్కడే. మాట్లాడటానికి మనిషి లేకుండా" అన్నారు. సాయంత్రం క్రాకోవ్ రైలెక్కాం, రెండున్నర గంటలు.

ఐదో రోజు: క్రాకోవ్

క్రాకోవ్ అందమైన ఊరు, ఆ అందం గురించి ఇక్కడ రాయను. నది దాటి పొద్గూజె వెళ్ళాం. ఘెట్టో ఉన్న చౌకులో పెద్ద పెద్ద ఇనప కుర్చీలు ఖాళీగా నిలబెట్టారు. మనుషుల్ని తరిమేటప్పుడు ఇళ్ళలోంచి బయటికి విసిరేసిన సామాను గుర్తుగా. చౌకు మూల మందులషాపు ఇప్పుడు మ్యూజియం. తదేవుష్ పాంకియెవిచ్ అనే కేథలిక్ ఫార్మసిస్టు, ఘెట్టో మూసేశాక కూడా షాపు ఖాళీ చేయకుండా అక్కడే ఉండిపోయాడు, 1947లో తను చూసిందంతా రాశాడు. చెక్క సొరుగులు, పింగాణీ జాడీలు, పైన లేబుళ్ళు. ముసలివాళ్ళకి జుట్టుకి వేసుకునే రంగు ఇచ్చేవాడట, వయసు తక్కువ కనిపిస్తే ఆ పూటకి రైలు తప్పుతుందని. నాన్న అప్రయత్నంగా తన తెల్ల జుట్టు మీద చెయ్యేసుకున్నారు.

ఈ షాపులోంచి ఆయన చూసిన మనుషుల్ని ఎక్కించిన రైళ్ళలో చాలావరకు బెవ్‌జెత్స్ అనే ఇంకో చావు క్యాంపుకి పోయాయి. అక్కడ సుమారు నాలుగున్నర లక్షల మందిని చంపితే, యుద్ధం తర్వాత బతికుండి సాక్ష్యం చెప్పినవాళ్ళు ఇద్దరు. హాయిమ్ హిర్ష్‌మన్ 1946 మార్చిలో ల్యుబ్లిన్‌లో చెప్పడం మొదలుపెట్టాడు, పూర్తి కాకుండానే ఆ రోజే ఆయన్ని కాల్చి చంపారు. రెండో ఆయన రుదోల్ఫ్ రేడెర్, ల్వోవ్‌లో సబ్బులు చేసేవాడు, అరవై దాటిన మనిషి. రేకులు తేవడానికని ల్వోవ్ తీసుకెళ్తే కాపలావాడు నిద్రపోయాడు, ఈయన దిగి నడిచిపోయాడు. ఆయన పుస్తకం 1946లో ఈ ఊళ్ళోనే అచ్చయింది. ఆ కాపలావాడికి ఆ పూట నిద్ర పట్టకపోతే బెవ్‌జెత్స్ లోపల ఏం జరిగిందో మనకి ఎంత తెలిసేది? రాత్రి పడుకున్నాక కూడా ఇదే ఆలోచన.

ఆరో రోజు: ఆష్‌విట్జ్

బస్సులో గంటన్నర. ప్రవేశం టికెట్ మీద మన పేరు ఉండాలి, పాస్‌పోర్ట్ చూస్తారు, ముందే బుక్ చేసుకోవాలి. ఇక్కడ జనం చాలా ఎక్కువ. గది తర్వాత గది. అద్దాల వెనక బూట్లు, సూట్‌కేసులు, కళ్ళజోళ్ళు, జుట్టు. జుట్టున్న గదిలో ఫోటోలు తీయకూడదు, తీయాలనీ అనిపించదు. సుమారు 11 లక్షల మందిని ఇక్కడ చంపారు, అందులో దాదాపు పది లక్షల మంది యూదులు. ఆ గదుల గురించి ఎందరో రాశారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు.

ఆష్‌విట్జ్‌లోని రెండో క్యాంపు బిర్కెనావ్‌లో కూలిన క్రెమటోరియాల, అంటే శవాలు కాల్చిన కట్టడాల, పక్కన గడ్డిలో కూర్చుని జల్మన్ గ్రాదోవ్‌స్కీ గురించి నాన్నకి చెప్పాను. శవాలు కాల్చే పని బలవంతంగా చేయించిన ఖైదీల్లో ఒకడాయన. రాసినదాన్ని అల్యూమినియం ఫ్లాస్కులో పెట్టి ఇక్కడి మట్టిలో పాతాడు. దొరికినవాళ్ళని ఉద్దేశించి, ఇంకా వెతకండి, చాలా పాతిపెట్టాం అని వేడుకున్నాడు. 1944 అక్టోబరు 7 తిరుగుబాటులో చనిపోయాడు. ఫ్లాస్కు 1945 మార్చిలో దొరికింది. "అక్కడా క్యాను, ఇక్కడా ఫ్లాస్కు" అన్నారు నాన్న. ఆ మాటన్నాక గడ్డిని చేత్తో అలా నిమురుతూ ఉండిపోయారు.

ప్రీమో లెవీ ఇక్కడికి 1944 ఫిబ్రవరిలో వచ్చాడు, ఇటలీ కెమిస్టు, చేతి మీద 174517. తన పెట్టెలోని 45 మందిలో ఇల్లు చేరింది నలుగురేనని రాశాడు. ఆయన రాసినవాటిలో నన్ను వదలనిది ఒక కల. ఇంటికి వచ్చేసి, అందరి మధ్య కూర్చుని, జరిగింది చెబుతుంటాడు. ఎవరూ వినరు. వాళ్ళలో వాళ్ళు ఇంకేవో మాట్లాడుకుంటారు. చెల్లెలు తనవైపు చూసి, లేచి, మాట్లాడకుండా వెళ్ళిపోతుంది. క్యాంపులో ఇదే కల తనకొక్కడికే కాదు, చాలామందికి వచ్చేదట. ఇంటికి చేరాక పుస్తకం రాస్తే పెద్ద ప్రచురణకర్త వద్దన్నాడు, 1947లో చిన్న సంస్థ ఒకటి 2,500 కాపీలు వేసింది, అవీ అన్నీ అమ్ముడుపోలేదు. కల నిజమైనట్టే అయింది, పదకొండేళ్ళ పాటు.

పాత క్యాంపులో 27వ బ్లాకులో పేర్ల పుస్తకం ఉంది. పెద్ద పెద్ద పేజీలు, వరసగా వేలాడుతూ, రెండువైపులా సన్నటి అచ్చు. యూరప్ అంతటా చంపిన యూదుల్లో పేర్లు దొరికినవాళ్ళు 40 లక్షలకు పైగా. జనం వాటిని తిప్పుతూ తమవాళ్ళ పేర్లు వెతుక్కుంటున్నారు. నాన్న జేబులోంచి చిన్న కాగితం తీశారు. బెర్లిన్‌లో బయల్దేరేముందు గుమ్మం ముందు కూర్చుని ఆ రెండు పేర్లూ రాసుకున్నారట, అక్షరం అక్షరం. నాకు తెలియదు. అక్షర క్రమంలో పేజీ వెతికి, వేలితో వరసలు దిగుతూ, దిగుతూ, ఆగారు. ఇద్దరూ ఉన్నారు. ఒకరి కింద ఒకరు. బెర్లిన్. ట్రెబ్లింకా. ఆ భర్త పుట్టిన సంవత్సరం బిళ్ళ మీద నల్లబడిపోయి మాకు కనిపించలేదు, ఇక్కడ తెలిసింది, 1869.

"గాంధీగారి ఈడు" అన్నారు నాన్న. వెనక నిలబడ్డ ఆవిడ తన వంతు కోసం చూస్తోంది. మేం పక్కకి జరిగాం.

మళ్ళీ బెర్లిన్

రాత్రి బాగా పొద్దుపోయి ఇల్లు చేరాం. పొద్దున లేచేసరికి వంటింట్లో నాన్న గిన్నెలో చింతపండు నానబెడుతున్నారు. రసం పెడతారేమో అనుకున్నాను. గిన్నె, పాత గుడ్డ, చెంబుడు నీళ్ళు పట్టుకుని మెట్లు దిగుతుంటే అర్థమై వెనకే వెళ్ళాను. దసరా ముందు మా ఇంట్లో అమ్మ దీపపు కుందులు తోమినట్టే, ఫుట్‌పాత్ మీద గొంతుక్కూర్చుని ఆయన ఒక బిళ్ళ, నేనొకటి తోమాం. మొదట నల్లటి నీళ్ళు కారాయి. తర్వాత అంచుల్లో పసుపు కనిపించింది. ఆపైన ఒక్కో గీతా తేలుతూ వచ్చింది. ఒకటి, ఎనిమిది, ఆరు, తొమ్మిది.

చెంబుతో నీళ్ళు పోసి గుడ్డతో తుడిచాక, నాన్న "చదువు తల్లీ, ఈసారి పైకి చదువు" అన్నారు. చదివాను. పై ఫ్లాట్‌లో ఉండే ఆవిడ కుక్కని తీసుకుని బయటికి వస్తూ ఆగింది. నేను చదవడం అయ్యేదాకా నిలబడి విన్నది.